నిరీక్షణకు లెక్క కట్టిన గణితవేత్త – ఆగ్నర్ ఎర్లాంగ్

లోకంలో కీర్తి రెండు విధాలుగా ఉంటుంది. కొందరి పేరు ఊరూరా వినిపిస్తుంది గాని, వారు చేసిన పని ఏమిటో చాలామందికి తెలియదు. మరికొందరు చేసిన పని ఇంటింటా నడుస్తూ ఉంటుంది గాని, వారి పేరు ఆ శాస్త్రం చదివినవారికి మాత్రమే తెలుస్తుంది. డెన్మార్కు దేశపు గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ ఈ రెండవ కోవకు చెందినవారు. విద్యుత్తును ఆంపియర్లలో, నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచినట్లు, టెలిఫోను మార్గాలపై నడిచే రద్దీని ప్రపంచమంతటా ఎర్లాంగులలో కొలుస్తారు. ఒక మనిషి పేరు కొలమానంగా మారడం కంటె శాస్త్రలోకంలో పెద్ద గౌరవం లేదు. అట్టి గౌరవం పొందినవారిని గూర్చి మన కళాశాల విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. ఆర్మూరు నుండి హైదరాబాదుకో బొంబాయికో ట్రంకు కాల్ బుక్ చేసి, తపాలా కార్యాలయం బల్లమీద గంటల తరబడి కూర్చున్న తరం ఇంకా మన ఇండ్లలో ఉన్నది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అనే తరగతులు వారికి కంఠస్థం. 1970ల తరువాత మన నిజామాబాదు జిల్లా నుండి వేలాది మంది గల్ఫు దేశాలకు వెళ్ళినారు. దుబాయి నుండో మస్కట్ నుండో కన్నబిడ్డ గొంతు వినడానికి తల్లులు ఎంతసేపు ఎదురుచూచినారో ఆ తల్లులకే తెలుసు. లైను దొరకకపోతే జనం ఆపరేటరును నిందించినారు, లేదా తమ నుదుటి వ్రాత అని సరిపెట్టుకొన్నారు. ఆ నిరీక్షణ వెనుక ఒక గణితం ఉన్నదనీ, దానిని లెక్కించి తగ్గించవచ్చుననీ మొట్టమొదట సమగ్రంగా నిరూపించినవారు ఎర్లాంగ్.

బాల్యము – విద్య

ఎర్లాంగ్ 1878 జనవరి 1వ తేదీన డెన్మార్కులోని జట్లండ్ ప్రాంతంలో లోన్‌బోర్గ్ అనే చిన్న గ్రామంలో జన్మించినారు. తండ్రి హాన్స్ నీల్సన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు. చర్చికి సంబంధించిన గ్రామోద్యోగం కూడా ఆయనే నిర్వహించేవారు. తల్లి మాగ్డలీన్ క్రారుప్ మతాచార్యుల వంశానికి చెందిన స్త్రీ. ఆమె పూర్వులలో థామస్ ఫింకె అనే గణితవేత్త ఉన్నారు. త్రికోణమితిలో మనం నిత్యం వాడే టాంజెంట్, సీకెంట్ అనే పేర్లను 1583లో గ్రంథస్థం చేసినది ఆయనే. ఎర్లాంగ్‌కు ఒక అన్న, ఇద్దరు చెల్లెండ్రు ఉండేవారు.

ఇంటిలో సంపద తక్కువ, చదువు ఎక్కువ. సాయంకాలాలు అన్న ఫ్రెడరిక్ బల్లవద్ద పుస్తకం తెరచి చదువుకొంటూ ఉంటే, తమ్ముడు ఎదురుగా కూర్చుండి అదే పుస్తకాన్ని తలక్రిందులుగా చదివేవాడట. రెండవ ప్రతి కావాలని అడగకుండా, ఉన్న ఒక్క పుస్తకంతోనే ఇద్దరూ చదువుకొన్నారు. ఒక్క దీపం చుట్టూ నలుగురు పిల్లలు కూర్చుండి చదివిన ఇండ్లు మన గ్రామాలలోనూ ఎన్నో ఉండినవి. అటువంటి ఇండ్ల నుండి వచ్చిన విద్యార్థులకు ఈ దృశ్యం క్రొత్త కాదు.

పదునాలుగవ ఏట ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వారి ప్రాథమిక పరీక్షకు కూర్చున్నారు. వయస్సు చాలనందున ప్రత్యేక అనుమతి పొందవలసి వచ్చినది. విశేష ప్రతిభతో ఉత్తీర్ణులై ఇంటికి తిరిగివచ్చి, రెండేండ్లు తండ్రి బడిలోనే సహాయ ఉపాధ్యాయుడుగా పనిచేసినారు. ఆ కాలంలోనే ఫ్రెంచి, లాటిన్ భాషలు నేర్చినారు. తరువాత హిల్లెరోడ్ పట్టణంలో బంధువుల ఇంట ఉండి చదివి, 1896లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను మళ్ళీ అదే ప్రతిభతో గెలిచినారు. కుటుంబానికి ఖర్చు భరించే శక్తి లేకపోయినా, ఉపకార వేతనం లభించినందున కోపెన్‌హాగెన్ చదువు సాగినది. 1901లో గణితం ప్రధానంగా, ఖగోళ, భౌతిక, రసాయన శాస్త్రాలు తోడుగా ఎం.ఏ. పట్టం పొందినారు.

ఉపాధ్యాయుడు గణితవేత్త అయిన వైనం

పట్టం చేతికి వచ్చిన తరువాత ఏడేండ్ల పాటు ఆయన వేర్వేరు పాఠశాలలలో పాఠాలు చెప్పినారు. స్వభావరీత్యా మితభాషి. పెద్ద సభలలో గొంతు విప్పేవారు కారు. నలుగురి నడుమ కూర్చున్నా వినడమే గాని మాట్లాడటం అరుదు. అయినా బోధన ఆయనకు ప్రీతిపాత్రమైన వృత్తి. బడి గంట మ్రోగిన తరువాత స్వయంగా గణితాభ్యాసం మాత్రం మానలేదు. హైగెన్స్ మహాశయుడు సూక్ష్మరాశుల సమస్యలను సాధించిన తీరుపై ఆయన వ్రాసిన వ్యాసానికి 1904లో విశ్వవిద్యాలయం గుర్తింపు లభించినది.

డెన్మార్కు గణిత సంఘం సమావేశాలకు ఆయన తప్పక హాజరయ్యేవారు. అక్కడనే యోహాన్ జెన్సెన్‌తో పరిచయం కలిగినది. కుంభాకార ప్రమేయాలపై 1906 నాటి జెన్సెన్ అసమానతను మన డిగ్రీ విద్యార్థులు ఎరుగుదురు. ఆ జెన్సెన్ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాడు. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో ప్రధాన ఇంజనీరు. పగలు తీగెలతో, రాత్రి గణితంతో జీవించిన మనిషి. మౌనంగా ఒక మూల కూర్చుండే యువ ఉపాధ్యాయుని ప్రజ్ఞను గుర్తించి, ఆయనను కంపెనీ అధిపతి ఫ్రెడరిక్ యోహాన్సెన్‌కు పరిచయం చేసినది జెన్సెనే. యోహాన్సెన్ స్వయంగా టెలిఫోను నిరీక్షణల సమస్యపై ఆలోచిస్తూ, దానిని గణితరీతిలో సాధించగల వ్యక్తి కోసం వెదకుచున్నారు. ఆ విధంగా 1908లో ఎర్లాంగ్ కంపెనీలో ప్రవేశించినారు. పరిశోధనశాల బాధ్యత కూడా ఆయనకే దక్కినది.

సమస్య యొక్క స్వరూపము

ఆ రోజులలో టెలిఫోను ఎక్స్ఛేంజి అంటే స్విచ్చి బోర్డుల ముందు కూర్చున్న ఆపరేటర్ల వరుస. ఒకరి తీగెను మరొకరి తీగెతో చేతితో కలిపేవారు. వేయి మంది చందాదారులు ఉన్నారని వేయి మార్గాలు వేస్తే కంపెనీ దివాలా తీస్తుంది. పది మార్గాలే వేస్తే ప్రజలు విసిగిపోతారు. ఎన్ని వేస్తే న్యాయం? ఇది ఊహకు అందే లెక్క కాదు. ఎవరు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరు ఎంతసేపు మాట్లాడతారో అంతకంటె తెలియదు.

ఎర్లాంగ్ 1909లో ప్రకటించిన తొలి పరిశోధన వ్యాసంలో ఈ అనిశ్చితిలోనే ఒక క్రమం ఉన్నదని చూపినారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని అనేకుల నుండి వచ్చే పిలుపులు పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తాయని నిరూపించినారు. ఏ ఒక్క పిలుపు ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోయినా, ఒక గంటలో ఎన్ని పిలుపులు వచ్చే అవకాశం ఎంత ఉన్నదో చెప్పవచ్చును. సంభావ్యతా శాస్త్రం అంతవరకు జూదపు పాచికలకు, బీమా పట్టికలకు, తారల కొలతలలోని దోషాలకు ఎక్కువగా ఉపయోగపడినది. దానిని నగర ప్రజల నిత్యావసరానికి ఉపకరణంగా మార్చినవారిలో ఎర్లాంగ్ అగ్రగణ్యులు.

ఈ లెక్కను మన పసుపు యార్డు ఉదాహరణతో గ్రహించవచ్చును. కోతలు అయి, ఉడికించి, ఆరబెట్టిన కొమ్ము, మండ బస్తాలకెక్కి బండ్లపై యార్డుకు వచ్చే రోజులను తలచుకొనండి. ఒక్క కాంటా ఉన్నదనుకొందాము. దడ్వాయి ఒక రైతు సరుకును తూచడానికి సగటున ఆరు నిమిషాలు పడుతుంది. అనగా గంటకు పదిమంది. గంటకు అయిదుగురు రైతులు వస్తే ఒక్కొక్కరు సగటున ఆరు నిమిషాలు వేచి ఉండాలి. ఎనిమిది మంది వస్తే నిరీక్షణ ఇరువది నాలుగు నిమిషాలు అవుతుంది. తొమ్మిది మంది వస్తే ఏబది నాలుగు నిమిషాలు! రాకడలు, తూకానికి పట్టే కాలం రెండూ యాదృచ్ఛికంగా మారుతూ ఉంటాయన్న భావనపై వచ్చిన లెక్క ఇది. కాంటా గంటకు పదిమందిని తూచగలదు గదా, తొమ్మిదిమందే వచ్చినారు గదా, మరి గంటసేపు ఎందుకు ఆగాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. రైతులు క్రమం తప్పకుండా ఒకరి వెనుక ఒకరు రారు. ఒకప్పుడు నలుగురు ఒక్కసారి వస్తారు, ఒకప్పుడు కాంటా ఖాళీగా ఉంటుంది. ఖాళీగా పోయిన కాలం తిరిగి రాదు, పోగుపడిన వరుస మాత్రం నిలిచి ఉంటుంది. శక్తికి దగ్గరగా భారం పెరిగిన కొద్దీ నిరీక్షణ మెల్లగా పెరగదు, ఒక్కసారి విజృంభిస్తుంది. ఈ సత్యం టెలిఫోనుకు, ఆసుపత్రికి, రేషను దుకాణానికి ఒకే తీరుగా వర్తిస్తుంది.

1917 నాటి సూత్రములు

ఇంతలో యంత్రయుగం ముందుకు సాగినది. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అనే వ్యక్తి 1891లో ఆపరేటరు అవసరం లేని స్వయంచాలక స్విచ్చికి పేటెంటు పొందినాడు. ఆయన వృత్తి అంత్యక్రియల ఏర్పాట్లు. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారునికి మళ్ళిస్తున్నదన్న అనుమానమే ఆ ఆవిష్కరణకు కారణమని చెప్పుకొంటారు. మన దేశంలో తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో ఏర్పడినది. మనిషి స్థానంలో యంత్రం వచ్చినప్పుడు సమస్య మరింత కఠినమైనది. ఆపరేటరు కాసేపు ఆగమని చెప్పగలదు. యంత్రానికి ఆ నేర్పు లేదు. మార్గం ఖాళీ లేకపోతే పిలుపును తిరస్కరిస్తుంది.

1917లో ఎర్లాంగ్ తమ జీవితంలో అతిముఖ్యమైన వ్యాసాన్ని ప్రకటించినారు. తిరస్కరించబడే పిలుపుల నిష్పత్తికి ఒక సూత్రం, వేచి ఉండవలసిన పిలుపుల సంభావ్యతకు మరొక సూత్రం అందులో ఉన్నాయి. వీటిని నేడు ఎర్లాంగ్ బి, ఎర్లాంగ్ సి సూత్రాలని పిలుస్తారు. గంటకు 180 పిలుపులు వచ్చి, ఒక్కొక్కటి సగటున రెండు నిమిషాలు సాగితే, గంటలో 360 నిమిషాల సంభాషణ జరుగుతుంది. అనగా సగటున ఆరు మార్గాలు ఎల్లప్పుడూ నిండి ఉంటాయి. ఆ రద్దీ విలువ ఆరు ఎర్లాంగులు.

సూత్రం ఏమి చెప్పుతుందో చూడండి. పది ఎర్లాంగుల రద్దీకి సరిగ్గా పది మార్గాలు వేస్తే నూటికి సుమారు 21 పిలుపులు తిరస్కరించబడతాయి. పదునైదు మార్గాలు వేస్తే నూటికి నాలుగు కంటె తక్కువ. ఇరువది వేస్తే వేయింటికి సుమారు రెండు మాత్రమే. సగటును చూచి ఏర్పాటు చేసినవాడు అయిదుగురిలో ఒకరిని వాకిలి నుండి వెనుకకు పంపుతున్నాడన్న మాట.

ఇంతకంటె గంభీరమైన సత్యం మరొకటి ఆ సూత్రంలో దాగి ఉన్నది. పది గ్రామాలకు విడివిడిగా ఒక్కొక్క మార్గం ఇచ్చి, ఒక్కొక్క గ్రామం నుండి ఒక ఎర్లాంగు రద్దీ వస్తే, ప్రతి గ్రామంలో సగం పిలుపులు తిరస్కరించబడతాయి. అవే పది మార్గాలను పది గ్రామాలకు ఉమ్మడిగా ఉంచితే తిరస్కారం నూటికి 21కి దిగుతుంది. ఒక్క తీగె కూడా అదనంగా వేయలేదు, ఒక్క రూపాయి కూడా అదనంగా ఖర్చు కాలేదు. పసుపు యార్డులోనూ ఇంతే. గంటకు పద్దెనిమిది మంది వచ్చే చోట రెండు కాంటాలకు రెండు వేరు వరుసలు ఉంటే సగటు నిరీక్షణ ఏబది నాలుగు నిమిషాలు. ఒకే వరుసలో నిలిచి ఏ కాంటా ఖాళీ అయితే దానికి పోతే సుమారు ఇరువది ఆరు నిమిషాలు. కలిసి పంచుకొంటే అందరికీ మేలు అని పెద్దలు చెప్పిన నీతికి ఎర్లాంగ్ అంకెలతో సాక్ష్యం ఇచ్చినారు.

వీధులలో పరిశోధన

ఎర్లాంగ్ కాగితం, పెన్సిలుతో మాత్రమే పనిచేసినవారు కారు. మొదట ఆయన పరిశోధనశాలలో సహాయకులు లేరు. భూమిలోని టెలిఫోను కేబుళ్ళకు హాని చేసే దారితప్పిన విద్యుత్ప్రవాహాలను కొలవవలసిన పని ఆయనపై పడినది. విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన ఆ గణితవేత్త కోపెన్‌హాగెన్ వీధులలో నడుస్తూ ఉంటే, వెనుక ఒక పనివాడు నిచ్చెన మోసుకొని వచ్చేవాడు. మాన్‌హోలు మూత తీసి, నిచ్చెన దించి, ఎర్లాంగ్ స్వయంగా లోనికి దిగి కొలతలు తీసుకొనేవారు. అంకె ఎక్కడ పుడుతుందో అక్కడికి పోయి చూచిన తరువాతనే దానిని నమ్మినవారాయన. 1910లో నాలుగంకెల సంవర్గమాన పట్టికలు కూడా ప్రకటించినారు. టెలిఫోను తీగెల విద్యుత్ లక్షణాలను కొలవడానికి ఒక పరికరాన్ని కూడా రూపొందించినారు.

ఆయన వ్యాసాలు చిన్నవి. నిరూపణలను పూర్తిగా విస్తరించి వ్రాయడం ఆయన అలవాటు కాదు. డేనిష్ భాషలో వెలువడిన ఆ వ్యాసాలు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలోకి కూడా పోయినవి. బ్రిటిషు తపాలా శాఖ ఆయన సూత్రాన్ని తమ ఎక్స్ఛేంజీల లెక్కకు స్వీకరించినది. అమెరికాలోని బెల్ పరిశోధనశాల శాస్త్రజ్ఞుడొకరు ఎర్లాంగ్ వ్యాసాలను మూలంలో చదవడానికే డేనిష్ నేర్చుకొన్నారని ప్రసిద్ధి. చిన్న భాషలో వ్రాసినంత మాత్రాన గొప్ప భావం చిన్నదై పోదని తెలుగు, ఉర్దూ విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

గుణగణములు – మరణము

ఎర్లాంగ్ వివాహం చేసుకోలేదు. సంపాదనలో పెద్దభాగం పుస్తకాలకు పోయేది. గణితం, ఖగోళం, భౌతికశాస్త్రాలకు సంబంధించి గొప్ప గ్రంథాలయాన్ని కూర్చుకొన్నారు. చరిత్ర, తత్త్వశాస్త్రం, కవిత్వం కూడా ఆయనకు ఇష్టం. మిగిలిన ధనం బీదలకు పోయేది. అవసరంలో ఉన్నవారు నేరుగా పరిశోధనశాలకే వచ్చేవారు. ఎవరికీ తెలియకుండా, తీసుకొన్నవారికి చిన్నతనం కలగకుండా ఆయన సహాయం చేసేవారు. గుప్తదానం ప్రకటిత దానం కంటె మిన్న అని నమ్మే మన సంప్రదాయం ఇటువంటి వ్యక్తిని పరాయివాడని తలచజాలదు.

సుమారు ఇరువది ఏండ్ల ఉద్యోగంలో ఆయన అనారోగ్య కారణంగా ఒక్కదినమైనా సెలవు పెట్టలేదని అంటారు. 1929 జనవరిలో కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరినారు. శస్త్రచికిత్స జరిగినది గాని ప్రాణం దక్కలేదు. 1929 ఫిబ్రవరి 3వ తేదీన కోపెన్‌హాగెన్‌లో కన్నుమూసినారు. అప్పటికి వయస్సు ఏబది ఒక్క సంవత్సరం.

కీర్తి ఆయన తరువాతనే ఎక్కువగా వచ్చినది. స్కాండినేవియా దేశాలలో 1940ల తొలి అర్ధంలోనే ఎర్లాంగ్ అనే కొలమానం వాడుకలోకి వచ్చినది. యుద్ధానంతరం 1946లో అంతర్జాతీయ టెలిఫోను సంఘం దానిని అంగీకరించినది. 1948లో ఆయన జీవితాన్నీ రచనలనూ కలిపి ఒక గ్రంథంగా వెలువరించినారు. 1980ల ద్వితీయార్ధంలో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో టెలిఫోను స్విచ్చిల కోసం పుట్టిన ఒక కంప్యూటరు భాషకు కూడా ఎర్లాంగ్ అన్న పేరే పెట్టినారు.

నేటి స్విచ్చిలు

ఎర్లాంగ్ నిచ్చెనతో చేసిన పనిని నేడు యంత్రాలు చేస్తున్నాయి. కళాశాలలలో, బ్యాంకులలో, కార్యాలయాలలో కంప్యూటర్లన్నిటి తీగెలు వచ్చి కలిసే చిన్న పెట్టెను కూడా స్విచ్చి అనే పిలుస్తారు. దాని ప్రతి ద్వారం వద్ద ఒక లెక్కింపు యంత్రాంగం ఉంటుంది. ఎన్ని అక్షరాలు లోనికి వచ్చినవి, ఎన్ని బయటికి పోయినవి, ఎన్ని చెడిపోయినవి అన్నది అది నిరంతరం లెక్కిస్తుంది. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరుగా లెక్క చెప్పితే వినేవారికి అయోమయం. అందువలన 1988లో అందరికీ సమానమైన ఒక పద్ధతి ఏర్పడినది. దాని పేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. ప్రతి స్విచ్చిలో ఒక ప్రతినిధి ఉంటాడు, కేంద్రంలో ఒక నిర్వాహకుడు ఉంటాడు. నిర్వాహకుడు వరుసగా ఒక్కొక్క స్విచ్చిని లెక్క అడుగుతాడు. ప్రతినిధి అంకెతో జవాబిస్తాడు. ఏ అంకెకు ఏ సంకేతమో ముందే నిర్ణయించి ఉంటుంది గనుక ఎవరు చేసిన స్విచ్చి అయినా ఒకే భాష మాట్లాడుతుంది. ఆపద కలిగినప్పుడు అడగకుండానే హెచ్చరిక పంపే ఏర్పాటు కూడా ఉన్నది. ఆ హెచ్చరిక దారిలో తప్పిపోయే ప్రమాదం ఉన్నందున దానినే నమ్ముకొని అడగడం మానరాదు.

అయిదు నిమిషాల అంతరంలో రెండు అంకెలు తీసుకొని, రెండవదాని నుండి మొదటిదానిని తీసివేసి, కాలంతో భాగిస్తే ఆ మార్గంపై రద్దీ తెలుస్తుంది. ఇక్కడ ఒక మెళకువ ఉన్నది. పాత లెక్కింపు యంత్రాంగం 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 వరకు లెక్కించి మళ్ళీ సున్నకు వస్తుంది, మోటారు సైకిలు మీటరు తిరిగి సున్నకు వచ్చినట్లు. సెకనుకు పదికోట్ల బిట్లు మోసే మార్గం పూర్తిగా నిండితే ఇది అయిదు నిమిషాల నలుబది మూడు సెకన్లలో తిరిగి వస్తుంది. అందుకు పదిరెట్లు వేగం గల మార్గంలో ముప్పదినాలుగు సెకన్లకే తిరిగి వస్తుంది. అప్పుడు అయిదు నిమిషాలకు ఒకసారి అడిగేవాడు ఎన్ని చుట్లు తిరిగినదో ఎరుగడు, తప్పు లెక్కను సరియైనదిగా నమ్ముతాడు. అందువలన 1993 నాటి రెండవ రూపంలో పెద్ద లెక్కింపులను ప్రవేశపెట్టినారు. అవి అదే వేగంలో నాలుగు వేల ఏండ్లకు పైగా తిరిగి సున్నకు రావు. మొదటి రూపాలలో రహస్యపదం బహిరంగంగానే తీగెపై ప్రయాణించేది. 2002లో ప్రామాణికమైన మూడవ రూపం ఆ లోపాన్ని సవరించి, అడిగేవాడెవడో నిర్ధారించి, మాటను గోప్యంగా పంపే ఏర్పాటు చేసినది.

అయితే ఎర్లాంగ్ సూత్రాలను అన్నింటికీ గ్రుడ్డిగా అన్వయింపరాదు. 1993లో అమెరికా పరిశోధకులు కంప్యూటరు వలయాల రద్దీని సుదీర్ఘకాలం కొలిచి, అది టెలిఫోను పిలుపుల వలె సగటు వద్ద కుదుటపడదనీ, చిన్న కాలంలోనూ పెద్ద కాలంలోనూ ఉప్పెనలుగానే వస్తుందనీ చూపినారు. ఇందువలన ఎర్లాంగ్ కీర్తికి లోటు లేదు. కొలిచి చూచిన తరువాతనే నమ్మవలెనన్నది ఆయన మార్గమే. ఆ పరిశోధకులు ఆ మార్గాన్నే అనుసరించినారు.

ఈ జీవితము బోధించునది

పాలక సంఘం పెద్దలకు, విద్యార్థులకు ఈ జీవితం నుండి మూడు విషయాలు విన్నవించుకొంటున్నాము.

మొదటిది, కొలవనిదే కొనరాదు. వేగం చాలడంలేదని ఎవరైనా అన్నప్పుడు క్రొత్త యంత్రం కొనడం సులభం. ఏ ద్వారం నిండినది, ఏ ద్వారం ఖాళీగా ఉన్నదో స్విచ్చిని అడిగి తెలుసుకొనడం అంతకంటె చవుక. రెండవది, సగటును చూచి తృప్తిపడరాదు. ఎర్లాంగ్ శాస్త్రం ఎప్పుడూ రద్దీ గంటను చూచి ఏర్పాటు చేయమంటుంది. ఉపకార వేతనాల దరఖాస్తుకు గడువు ముగిసే దినం మన విద్యార్థులకు అటువంటి గంట. ఏడాదిలో మూడువందల అరువది దినాలు ఖాళీగా ఉండిన మార్గం ఆ ఒక్క మధ్యాహ్నం మూసుకొంటే, ఒక పేద విద్యార్థిని ఏడాది చదువు ఆగిపోవచ్చును. పట్టికలో అది ఒక చిన్న దశాంశం. ఆ బాలికకు అది సర్వస్వం. మూడవది, ఉన్నదానిని ఉమ్మడిగా వాడుకొనవలెను. విభాగానికి ఒక గది, గదికి ఒక తాళం అన్న పద్ధతిలో సగం వనరులు ఖాళీగా ఉంటాయి, సగం మంది వాకిట నిలబడతారు.

విద్యార్థులారా! ఎర్లాంగ్ బడిపంతులు కుమారుడు, కొంతకాలం బడిపంతులు. అన్న చదివే పుస్తకాన్ని తలక్రిందులుగా చదివినవాడు. ఉపకార వేతనంతో పట్టభద్రుడైనవాడు. ఆయనకు వేదికలు లేవు, ఉపన్యాసాలు లేవు. తమ ఊరి ప్రజలు టెలిఫోను దగ్గర ఎందుకు వేచి ఉంటున్నారన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని జీవితమంతా శ్రద్ధగా పనిచేసినారు. మన చుట్టూ యార్డులో, బస్‌స్టాండులో, ఆసుపత్రిలో ప్రతిదినం జనం వరుసలలో నిలబడుతూనే ఉన్నారు. వారి నిరీక్షణను విధి అని వదలివేయక, అది ఎంతో కొలిచి, ఎందుకో తెలిసికొని, ఎట్లు తగ్గించవలెనో లెక్కకట్టే యువకులు ఈ కళాశాల నుండి వెలువడవలెనని మా ఆకాంక్ష.